నేను మూసేసిన ఫిర్యాదు

అత్తమ్మ అన్నం గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడి, "ఓ పాపా, బువ్వ సల్లగైతాంది, రాయే!" అని కేకేసింది. గేటు దగ్గర ఇసుకలో ఆడుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు, ఒకతి నా కూతురు, ఇంకొకతి మా తోటికోడలి కూతురు, ఒక్కసారే తలలు తిప్పి చూశారు. వరండాలో ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న నేను సరిగ్గా ఆ క్షణంలోనే టైపు చేయడం ఆపేశాను. అంతకు పావుగంట ముందు, ఎవరో ఊరూ పేరూ లేని మనిషి రాసిన ఒక ఫిర్యాదును సగం చదివి, "ఇదివరకే చెప్పినదే" అనే గుర్తు తగిలించి మూసేశాను. అందులో ఏం రాసి ఉందో, ఆ ఇద్దరు పిల్లలూ తలలు తిప్పిన తర్వాత గాని నా బుర్రకెక్కలేదు.

ఏళ్ళ కిందటి ఈ సంగతి ఇవాళ ఎందుకు గుర్తొచ్చిందంటే, సాయంత్రం ఒక మెయిల్ వచ్చింది. మేము కొందరం కలిసి నడిపిన పిల్లల టీకాల యాప్ ప్రాజెక్టును నిలిపివేస్తున్నారట; ఇన్నాళ్ళూ రాసినవన్నీ చదువుకోవడానికి అలాగే ఉంటాయి గాని, ఇకనుంచి కొత్తగా ఎవరూ ఏమీ రాయలేరట. పిల్లలు నిద్రపోయారు. పెద్దదాని నుదురు రెండుసార్లు ముట్టి చూసి, జ్వరం లేదని రూఢి చేసుకుని వచ్చి ఇది రాస్తున్నాను. నాలాగే ఇంజనీరింగు చదివి, రెండేళ్ళో మూడేళ్ళో కొలువు చేసి, పిల్లలు పుట్టాక ఇంటికొచ్చేసి, మళ్ళీ ఏదో ఒక దారి దొరక్కపోతుందా అని ఫోను తెరిచి చూసుకున్న తల్లులు ఇది చదువుతుంటే, వాళ్ళకు నేను ఎక్కువ వివరించనక్కర్లేదు.

మా నాయిన ఇంకొకరి పొలంలో జీతమున్న మనిషి. ఆయన పిల్లల్లో కాలేజీ గడప తొక్కింది నేనూ మా అక్కా. అక్క నారాయణపేట దగ్గర అంగన్‌వాడీ టీచరైంది. నేను మహబూబ్‌నగర్‌లో చదివి, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు పనిలో చేరి, పెళ్ళయి కొత్తకోటకు వచ్చాను. కూతురు పుట్టినా ఎలాగో నెట్టుకొచ్చాను గాని, కొడుకు పుట్టాక ఉద్యోగం మానేశాను. ఆ రోజుల్లో నాకున్న భయాలు ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, పూర్తిగా నవ్వూ రాదు. బైపాసు మీద పోయే లారీల హారనుకు పిల్లాడు ఉలిక్కిపడితే గుండె చేతబట్టుకునేదాన్ని. నిద్రలో వాడి ఊపిరి లెక్కపెట్టేదాన్ని. టీకాల కార్డులను పుస్తెలతాడు పెట్టుకునే డబ్బాలో దాచేదాన్ని. అది చూసి అత్తమ్మ పొరుగింటామెతో, "మేమంత పిల్లల్ని కనలేదా సూడు, గీమొక్కతే కన్నట్టు జేస్తది" అని నాకు వినబడేలాగే అనేది. అంటూనే, పిల్లాడికి దిష్టి కూడా తనే తీసేది.

హైదరాబాదులో నాతో పనిచేసిన స్నేహితురాలొకామె, నా ఈ టీకాల పిచ్చి తెలిసే కాబోలు, ఆ యాప్ సంగతి చెప్పింది. బిడ్డ పేరూ, పుట్టిన తేదీ, ఇంటి ఫోను నంబరూ ఇస్తే, ఏ టీకా ఎప్పుడు వేయించాలో ఆ రోజున ఫోను మోగి తెలుగులో చెబుతుంది. ఆరోగ్య కార్యకర్తలూ అంగన్‌వాడీ టీచర్లూ తమ ఫోనులో వివరాలు నింపి, ఇంటివాళ్ళ ఫోనులో గంట మోగేలా చేసేవారు. దాన్ని ఏ కంపెనీ నడపలేదు. ఓపెన్ సోర్స్ అంటారే, ఆ పద్ధతి: ప్రోగ్రాము లోపల ఏముందో అందరికీ కనబడుతుంది, తెలిసినవాళ్ళు ఎవరైనా దిద్దవచ్చు, దిద్దింది బాగుంటే పెద్దలు ఒప్పుకుని కలుపుకుంటారు. జీతం లేదు. "పైసలియ్యరు, పని మాత్రం జేయిచ్చుకుంటరు, గిదేం కొలువు బిడ్డా?" అని అత్తమ్మ అడిగినప్పుడు, గుళ్ళో సేవ లాంటిది అన్నాను. "గుళ్ళె పులిహోరన్న వెడ్తరు" అంది ఆమె.

అందులో నేను చేసిన మొదటి పని గురించి ఇక్కడ చెప్పాలి. ఊళ్ళలో నెట్ సరిగా అందక, వివరాలు నింపేవాళ్ళు ఒకే బిడ్డను రెండుసార్లు, మూడుసార్లు నమోదు చేసేవారు. కొందరు పుట్టిన తేదీ బదులు దవాఖానా నుంచి ఇంటికొచ్చిన తేదీ వేసేవారు. దాంతో ఒకే బిడ్డకు రెండుసార్లు గంట మోగి, తల్లులు గాభరా పడేవారు. నేను కూర్చుని ఒక చిన్న ఉపాయం రాశాను. ఫోను నంబరు ఒకటే, పేరు ఒకటే అయి, పుట్టిన తేదీల మధ్య పది రోజుల్లోపే తేడా ఉంటే, ఆ ఇద్దరూ ఒక్కరే అనుకుని రెండోదాన్ని తీసెయ్యమని. పెద్దలు మెచ్చుకుని దాన్ని కలుపుకున్నారు. ఉద్యోగం మానేసిన తర్వాత నన్ను ఎవరైనా "బాగా చేశావు" అనడం అదే మొదటిసారి. ఆ రోజు ఇంట్లో సేమియా వండాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడాది, ప్రాజెక్టుకు పెద్దగా ఉండే సారు, బెంగళూరులో ఉంటాడని తెలుసు గాని ఏనాడూ ముఖం చూడలేదు, ఒక మాట రాశాడు. యాప్‌లో "సమస్య చెప్పండి" అని ఒక బొత్తాం ఉండేది. అక్కడ ఎవరేం రాసినా మా జాబితాలోకి వచ్చి పడేది. తెలుగులో వచ్చినవి చదవగలిగే మనిషి లేక అవి నూటికి పైగా పేరుకుపోయాయి. కొత్త వెర్షను విడుదలకు ముందు వాటిని తేల్చాలి, నువ్వు తేల్చగలవా అని అడిగాడు. తేల్చితే ప్రాజెక్టు నడిపేవారి పట్టికలో నా పేరు చేరుతుంది. అది చూపిస్తే, ఇంటి నుంచే చేసుకునే ఒక ఉద్యోగానికి తన కంపెనీలో పిలిపిస్తానని స్నేహితురాలు మాటిచ్చింది. ఐదేళ్ళ కూతురినీ మూడేళ్ళ కొడుకునూ పెట్టుకుని, గడువు మూడు రోజులు.

పాత ఫిర్యాదులు తేల్చడంలో ఒక మత్తుంది. మొదటి రోజు ప్రతిదాన్నీ రెండుసార్లు చదివాను, జవాబులు రాశాను. కాని పక్కన అంకె ఒకటి తగ్గుతూ ఉంటుంది చూడండి, నూట పది, నూట తొమ్మిది, అదే పాడు చేస్తుంది మనిషిని. రెండో రోజుకు మొదటి వాక్యం చూసి తక్కినది ఊహించుకోవడం మొదలైంది. మూడో రోజు పొద్దుటికి "ఫోను మోగడం లేదు" అన్నవన్నీ ఒక కుప్ప, "వివరం చాలదు" అన్నవన్నీ ఒక కుప్ప. బియ్యంలో రాళ్ళు ఏరమంటే చాటనే బోర్లించినట్టు చేశాను. పిల్లలు గిన్నె వైపు చూస్తూ నిలబడిన ఆ మధ్యాహ్నం, అంకె ముప్పై లోపుకు దిగింది.

మూసినదాన్ని మళ్ళీ తెరిచాను. అందులో రాసింది ఇంతే:

"ఫోను మోగుతలేదు. ఒక ఇంట్ల ఇద్దరు పాపలున్నరు, ఇద్దరు కోడండ్ల పిల్లలు. ఒక పాపకు మోగింది, ఇంకొక పాపకు మోగలే. నింపిన పేరు కనవడ్తలేదు. సూది తప్పెతట్టుంది. జర సూడుండ్రి."

రాసి పదకొండు నెలలైంది. ఎవరూ జవాబివ్వలేదు.

మా దిక్కు బిడ్డకు పుట్టగానే పేరు పెట్టరు. ఇరవై ఒకటో రోజు బిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్టెల పండుగ అయ్యేదాకా, కొన్ని ఇళ్ళల్లో నెలలు గడిచేదాకా, ఆడపిల్లయితే పాప, మగపిల్లాడైతే బాబు. కాగితం మీదా అంతే. నా కూతురి మొదటి కార్డు మీద కూడా పాప అనే ఉంది. తోటికోడలి కూతురి కార్డు మీదా అదే. బడిలో వేసినా అత్తమ్మ నోట ఇద్దరూ ఇంకా పాపలే. ఒక ఇంట్లో ఇద్దరు కోడళ్ళు ఒకే వారంలో ఆడపిల్లలను కంటే, ఇంటికంతా మామ చేతిలో ఉండే ఫోను ఒక్కటే అయితే, నా ఉపాయం ఆ ఇద్దరిలో ఒక బిడ్డను చెరిపేస్తుంది. చెరిపేసింది కూడా. బెంగళూరులో పుట్టి పెరిగినవాడు రాసి ఉంటే, పాపం తెలియదు అనుకోవచ్చు. డబ్బాలో పాప అని రాసిన కార్డును దాచుకున్నదాన్ని, నేను రాశాను.

మా ఆయన భోజనానికి వచ్చేసరికి నేను కంచాలు పెట్టకుండా ఏడుస్తున్నాను. విత్తనాల దుకాణం నడిపే మనిషి; యాపులూ కోడులూ ఆయనకు పట్టవు. నేను వెక్కుతూ చెప్పిందంతా విని, "ఆ పిల్ల ఎవలో దొరకవట్టాలె ముందుగాల" అన్నాడు. ఎలా పట్టడం? పిల్లల వివరాలు ఎవరి ఫోనులో వారికే ఉండాలని, మా దగ్గర దాచకూడదని మేమే నియమం పెట్టుకున్నాం. ఫిర్యాదుకు ఒక ఫొటో మాత్రం జతచేసి ఉంది. ఒక ఫోను తెరను ఇంకో ఫోనుతో తీసినది. ఆయన దాన్ని పెద్దది చేసి, తెర మీది అక్షరాలు వదిలేసి, వెనకాల మసకగా ఉన్నదాన్ని చూశాడు. మగ్గం. దాని మీద సగం నేసిన గళ్ళ చీర. "గిది నారాయణపేట చీర గాదె? మీ అక్కకు పంపు" అన్నాడు.

అక్క ఆ ఫొటోను, నా గొంతుతో రికార్డు చేసిన ఒక మాటను, తన తోటి టీచర్ల గ్రూపులో పెట్టింది. సాయంత్రం నాలుగు దాటాక ఆ ఫిర్యాదు రాసినామె నంబరు పంపింది. నేతగాళ్ళ వాడలో పనిచేసే అంగన్‌వాడీ టీచరు, నా కన్నా పదేళ్ళు పెద్దది. ఎన్నేళ్ళయినా ఆ ఫోను సంభాషణలో ఒక్క మాట మరచిపోలేదు.

"అక్కా, నేను గా టీకాల యాప్ పని జేసేదాన్ని" అన్నాను.

"ఓహో, మీరు మనుషులేనా? అటు దిక్కు ఎవ్వరు లేరనుకున్న. రాసినంక నెల దినాలు రోజు పొద్దుగాల తెరిచి జూసిన. గోడకు జెప్పుకుంటున్నవా అని మా ఆయన ఒకటే నవ్వుడు."

"పాపకేమైందక్కా?"

"జర ఆగు, ఇనవడ్తలేదు" అంది ఆమె. వెనకాల మగ్గం చప్పుడు ఆగి ఆగి వినబడుతోంది. ఆ కాసేపట్లో నేను ఎన్ని దేవుళ్ళకు మొక్కుకున్నానో నాకే తెలియదు. మా అక్క చర్చికి పోతుంది. ఆమె దేవుణ్ణి కూడా వదల్లేదు.

"ఏమైతది, మంచిగుంది. ఇల్లంత ఉరుకుతాంది. పెద్దకోడలు పిల్లకు ఫోను మోగింది, ఆమె ఏయిచ్చుకొచ్చింది. సిన్నకోడలు, మోగలేదు గదా, మనకు ఇంక టైమున్నదనుకొని మగ్గం మీదికెళ్ళి లేవలే. నా రిజిస్టర్ల గడి ఖాళీ కనవడ్డది. నేనే పోయి పిల్లను సంకనేసుకొని తీస్కపోయిన. తొమ్మిదో నెలది, నెల మీద పది దినాలు లేటైంది. నీ ఫోనునే నమ్ముకొనుంటే అది గూడ తప్పిపోతుండె."

నేను ఏడుస్తూ, పేరు బదులు అలా పాప అని రాస్తే యాప్‌కు తెలియదక్కా అని ఏదో అనబోయాను. ఆమె అడ్డుకుంది.

"మరేం రాయాలె? నీ పిల్లకు పుట్టంగనే పేరు వెట్టినవా?"

"లేదక్కా."

"మరి?"

ఆ తప్పు రాసింది నేనేనని అప్పుడు చెప్పాను. చెప్పకుండా ఉండవచ్చు, ఆమెకు ఎలా తెలుస్తుంది? కాని బిడ్డను సంకనేసుకుని నడిచిన మనిషితో అబద్ధమాడటానికి నోరు రాలేదు. ఆమె, "సరే తియ్యి. ఏడ్సుడు తర్వాత. ఇంకెన్ని ఇండ్లల్ల గిట్లయిందో గది జూడు" అంది. మళ్ళీ తనే, "ఫోను నంబరు అడుగుతరు, అది మామది. పిల్ల పేరు అడుగుతరు, అది ఇంక వెట్టలే. తల్లి పేరెందుకు అడగరు? తల్లికి పేరుంటది గదా" అంది.

పెద్ద చదువులు చదివిన మా అందరిలో ఏ ఒక్కరికీ తట్టని మాట అది.

ఆ సాయంత్రమే తల్లి పేరు అడిగే గడిని చేర్చి, నా పాత ఉపాయాన్ని తీసేశాను. యాప్ తెరిచిన ప్రతివారినీ "మీ ఇంట్లో ఇంకో బిడ్డ ఉందా? ఒకసారి కార్డు చూసుకోండి" అని అడిగేలా చేశాను. ప్రాజెక్టు పెద్దకు ఉన్నది ఉన్నట్టు రాశాను. తప్పు నాది, దాన్ని పట్టిచ్చిన ఫిర్యాదును మూసింది కూడా నేనే, కాబట్టి ఈ మూడు రోజుల్లో నేను మూసినవాటిని నమ్మవద్దు, అన్నీ మళ్ళీ తెరుస్తున్నాను, విడుదల ఆపండి అని. అందరూ చదివే చోటే రాశాను. ఒక్కొక్కటే తెరుస్తుంటే అంకె ముప్పై నుంచి ఎదురెక్కుతూ పోయింది. దానితోపాటే పట్టికలో నా పేరూ, స్నేహితురాలు చెప్పిన ఉద్యోగమూ దూరమవుతున్నాయని తెలుసు. ఆయన మర్యాదస్తుడే, మంచి మాటలే రాశాడు. కాని ఆ పట్టికలో వేరే పేరు చేరింది. ఉద్యోగం నాకు ఇంకో మూడేళ్ళకు, ఇంకో చోట దొరికింది.

వాటన్నిటినీ మళ్ళీ చదవడానికి పన్నెండు రోజులు పట్టింది. అలాంటి ఇల్లే ఇంకొకటి బయటపడింది, తిరుమలగిరి వైపుది. అక్కడా బిడ్డ క్షేమమే. అసలు ఫిర్యాదే రాయని ఇళ్ళు ఎన్నో నాకు ఈనాటికీ తెలియదు. ఆ తెలియకపోవడం మాత్రం నాతోనే ఉంది. జ్వరం లేని నుదురును ముట్టి చూసే అలవాటులో అదీ ఒక పాలు.

"వివరం చాలదు" అని నేను మూసినవాటిలో ఎవరో తాత రాసింది ఒకటుంది: "మనుమరాలి సూదులన్ని ఒడిసినయట. ఇగ ఫోను మోగుతలేదు. మోగినప్పుడల్ల దాన్నెత్తుకొని పోతుంటి. మల్ల మోగేతట్టు ఏమన్న జేస్తరా?" దాన్ని ఏ కుప్పలో వెయ్యాలో ఎవరికీ తెలియలేదు. మళ్ళీ తెరిచాక నేను జవాబు రాశాను గాని, మూయలేదు. సాయంత్రం మెయిలు చూశాక మొట్టమొదట వెతికింది దాన్నే. ఇంకా తెరిచే ఉంది. ఇక ఎవరూ మూయలేరు.

ఇప్పుడు నేను పనిచేసే చోట ఫిర్యాదులను మనుషులు తేల్చరు. అరవై రోజులు ఎవరూ పలకకపోతే యంత్రమే "మీ సమయానికి ధన్యవాదాలు" అని ఒక చక్కటి వాక్యం రాసి మూసేస్తుంది. అంకె ఎప్పుడూ చిన్నగానే ఉంటుంది, మీటింగుల్లో చూపించుకోవడానికి బాగుంటుంది. నెల రోజులు ప్రతి పొద్దున్నా ఫోను తెరిచి జవాబు కోసం చూసే మనిషి అటు దిక్కు ఉంటుందని చెబితే, నాతో పనిచేసే చిన్నవాళ్ళు మర్యాదగా తలూపుతారు. వాళ్ళను తప్పుపట్టను. ఒకప్పుడు తెలుగులో చదవగలిగిన ఒకే ఒక్క మనిషినై ఉండి కూడా, నేను చదవలేదు.

నేతగాళ్ళ వాడ టీచరుతో ఫోనులో మాట్లాడిన మర్నాడు పొద్దున్న, నా పిల్లలిద్దరూ పాలగ్లాసులు పట్టుకుని వరండాలో కూర్చున్నారు. పని అయిపోయిందా అమ్మా అని కూతురు అడిగింది. మా అమ్మ తన తప్పులు మాకు ఏనాడూ చెప్పలేదు. ఆ కాలపు తల్లులకు అది చేతకాదు. నేను వాళ్ళ ఎదురుగా కింద కూర్చుని చెప్పాను:

"అయిపోలే బిడ్డా, మల్ల మొదటి సంది జెయ్యాలె. ఒకామె నాకు ఒక ముచ్చట జెప్పింది, నేను సగమే ఇని లేసిపోయిన. మీతోని గూడ గట్లనే జేస్త అప్పుడప్పుడు, నాకు ఎరుకే. ఇయ్యాల్టి సంది, మీరు ఏమన్న జెప్తున్నప్పుడు నేను నడుమల లేస్తే, నా చున్నీ వట్టి గుంజుండ్రి. ముచ్చట మొత్తం ఒడిసేదాక ఇడువకుండ్రి. నేను కోపంజేసినా సరే, ఇడువకుండ్రి."